ముళ్ళ కళ్ళెం

నవంబరు 3, సోమవారం

ఆన్‌లైన్ గుర్రాల గ్రూపులో ఇవాళ నా మాటకు విలువ వచ్చింది. కాలేజీ లైబ్రరీలో పాత నిఘంటువు తిరగేస్తుంటే దొరికింది — గుర్రం నడకలు అయిదట. ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం. విస్సన్నపేట నుంచి ఇంటికి వచ్చేదాకా బస్సులో ఇవే గొణుక్కున్నాను. పక్కన కూర్చున్నావిడ మంత్రాలనుకున్నట్టుంది, కాస్త జరిగింది.

ఇంగ్లీషులో వివరంగా రాసి పెట్టాను. జర్మనీలో గుర్రాలకు శిక్షణ ఇచ్చే ఇంగ్రిడ్ వెంటనే మెచ్చుకుంది. ఐస్‌లాండ్ అతను తమ గుర్రాలకు ఇంకో నడక ఉందన్నాడు — పైన కూర్చుని నిండు గ్లాసు పట్టుకున్నా తొణకదట. ఆ దేశం దాటిన గుర్రాన్ని తిరిగి లోపలికి రానివ్వరట. అది చదివి కాసేపు దిగులేసింది.

నేను మాత్రం 'మా చాందినీ' అని రాశాను. మా! వెనక వీధి మస్తాన్ మావయ్య పెళ్ళి ఊరేగింపులకు తిప్పే గుర్రం అని రాయలేదు. నేను ఇంతవరకూ దాని వీపెక్కలేదనీ రాయలేదు.

నవంబరు 5, బుధవారం

మార్వాడీ గుర్రాలకు చెవుల కొసలు లోపలికి వంగి ఒకదాన్నొకటి తాకుతాయి. చాందినీవి తాకవు. మధ్యలో వేలెడు ఖాళీ. మావయ్యనడిగాను.

"దాని తల్లి మార్వాడుది, కోడలా. తండ్రి సంగతి అది నాకు చెప్పలా."

"కొనేముందు అడగాల్సింది, ఇంటికి తెచ్చాక అడిగాడు మీ మావయ్య," అంది అత్త, గడ్డి విదిలిస్తూ.

నవంబరు 8, శనివారం

గ్రూపులో పొద్దున్నుంచీ వాదన. అర్జెంటీనా అతనికి పోలో తప్ప మిగిలినవన్నీ పిల్లలాటలు. ఇంకొకరికి మంగోలియా వాళ్ళే రౌతులు — జీనుకు వేలాడే రికాబుల మీద నిలబడి దౌడు తీయిస్తారు. ఇంగ్రిడ్ తన గుర్రం వీడియో పెట్టింది. నిలుచున్న చోటే, కదలకుండా, అడుగులు. ఒక కాలు గాల్లో ఆగి, దిగి, ఇంకోటి లేచి... అది నేర్పడానికి ఏళ్ళు పడుతుందట.

నేను ఊరుకోవచ్చుగా. "మా దగ్గర గుర్రాలు డప్పు దరువుకు ఇంతకన్నా బాగా ఆడతాయి" అని రాశాను.

ఎలా నేర్పుతారు? నోట్లో ఏం వేస్తారు? — ఇంగ్రిడ్. నిజంగా తెలుసుకోవాలని అడిగింది.

తెలియదు నాకు. రేపు చెప్తానన్నాను.

నవంబరు 9, ఆదివారం

చర్చి నుంచి నేరుగా మావయ్య ఇంటికి. అడగ్గానే గూట్లోంచి తీసి చేతిలో పెట్టాడు. అనుకున్నదానికన్నా బరువు. నోట్లో ఉండే ఇనుప కడ్డీకి చిన్న చిన్న ముళ్ళ బిళ్ళలు, అరిగి నున్నగా మెరుస్తున్నాయి.

"పగ్గం ఇట్టా అంటే చాలు. మన బ్యాండు సత్యం డప్పు అందుకోగానే ముందు కాళ్ళు లేపుద్ది. మా నాన్న చేయించాడు దీన్ని."

"దీని పేరేంటి మావయ్యా?"

"పేరేముంది. ముళ్ళ కళ్ళెం."

ముళ్ళ కళ్ళెం! నాలుకకు ఎంత బాగా తగులుతుందో. నోటుబుక్కులో జీను, రికాబు, నాడా, జూలు — వాటి కింద దీన్ని రాసి రెండుసార్లు గీత గీశాను. అత్తనడిగి నీలం చారల అంచున్న తెల్ల తువ్వాలు తెచ్చి, కళ్ళేన్ని దాని మీద పెట్టి, మావయ్య బజారుకెళ్ళాక ఎండలో ఫొటో తీశాను. ఒక్కో భాగానికీ బాణం గుర్తు పెట్టి పేరు రాశాను. సైన్సు రికార్డులా నీటుగా వచ్చింది. చాందినీ ముఖం ఫొటో పక్కన పెట్టి పంపాను.

నవంబరు 10, సోమవారం

ఎవరూ ఏమీ అనలేదు. అందరూ చూసినట్టే ఉంది.

నవంబరు 11, మంగళవారం

ఇంగ్రిడ్ ఒకే వాక్యం రాసింది. "దాని నోట్లోకి చూశావా?"

కాలేజీ అవగానే వెళ్ళాను. మావయ్య లేడు. చాందినీ నోరు చూడాలన్నాను. "దంతాలు లెక్కపెడతావా ఏంది," అని అత్త నవ్వుతూనే పెదవి పక్కకు లాగి చూపించింది. నాలుక మీద అడ్డంగా తెల్లటి పాత మచ్చ. పెదవి మూల పచ్చిపుండు. చాందినీ తల వెనక్కి లాక్కోలేదు. అలవాటైనట్టు నిలుచుంది.

ఆరు బాణాలు గీశాను. ఆ ముళ్ళు ఎక్కడ గుచ్చుకుంటాయో అటువైపు ఒక్కటీ గీయలేదు. మాట దొరికిందన్న సంబరంలో ఉన్నాను.

అత్తకు ఏమీ చెప్పకుండా వచ్చేశాను.

నవంబరు 12, బుధవారం

ఫొటో తీసేశాను. ఆలస్యమైంది. గ్రూపులోనే ఉన్న మీనల్ అనే పుణె ఆవిడ నాకు విడిగా రాసింది — ఫొటోను జంతుహింస నివారణ వాళ్ళకు అప్పుడే పంపిందట. ఊరి పేరు నేనే ఎప్పుడో చెప్పాను, యజమాని వివరాలు వాళ్ళు కనుక్కుంటారట. ఇలాంటి కళ్ళెం చట్టప్రకారం నేరమట. చివర్లో — "బయటపెట్టినందుకు నీ ధైర్యానికి అభినందనలు."

ధైర్యం.

మావయ్యతో ఇవాళే చెప్పాలి. ముందే చెప్తే ఆ కళ్ళెం ఆయనే తీసి పారేస్తాడేమో.

చెప్పలేదు. పరీక్షకు చదువుకున్నాను.

నవంబరు 15, శనివారం

వచ్చారు. విజయవాడ నుంచి జీపులో ముగ్గురు, వెంట పశువుల డాక్టరు గారు. వీధంతా గుమిగూడింది. నేను మా పెరటి గేటు లోపలే నిలబడ్డాను. కళ్ళెం తీసుకుపోయారు. నోరు మానిందని డాక్టరు గారు రాసిచ్చేదాకా చాందినీని ఊరేగింపులకు తీసుకెళ్ళకూడదని కాగితం ఇచ్చారు. రేపు నెమలి అనే ఊళ్ళో పెళ్ళికి మావయ్య ఒప్పుకుని ఉన్నాడు.

వాళ్ళ ఫోనులో నేను తీసిన ఫొటో. బాణాలతో సహా. తువ్వాలు అంచున నీలం చారలు ఇక్కడికే కనిపించినట్టు అనిపించింది. మావయ్యకు ఫొటో వచ్చిందని మాత్రమే చెప్పారట, అత్త ఆ ఫోను చూడలేదు. చూసి ఉంటే...

నవంబరు 17, సోమవారం

నెమలి పెళ్ళికొడుకు కారులో ఊరేగాడట.

మావయ్య బ్యాండు సత్యం గారి ఇంటి ముందు నిలబడి అరిచాడు. అమ్మ చెప్పింది. కళ్ళెం సంగతి సత్యం గారికి తప్ప బయటివాళ్ళకెవరికి తెలుసు, పెళ్ళిళ్ళవాళ్ళు గుర్రం మానేసి తన మేళం ఒక్కటే మాట్లాడుకోవాలని చేశాడు — ఇదీ మావయ్య లెక్క. "ఇరవై ఏళ్ళు నా గుర్రం ముందు వాయించావు, ఇప్పుడు వెనకనుంచి పొడిచావు" అన్నాడట. సత్యం గారు పిల్లల మీద ఒట్టేశారట.

అన్నం సహించలేదు. అమ్మ నుదురు తాకి చూసింది. జ్వరమేమీ లేదంది.

నవంబరు 19, బుధవారం

చాందినీ పుండు ఆరుతోంది. దాణా ఇదివరకటికన్నా ఇష్టంగా తింటోందట. ఈ మాటతో నాకు ఊరట కలగడం కూడా తప్పులాగే ఉంది.

మావయ్య దాని మెడ నిమురుతూ అన్నాడు — "నొప్పెడుద్దని నాకు తెలవదా కోడలా. మా నాన్న అట్టా తోలాడు, నేనూ అట్టా తోలా. వద్దన్న మనిషి ఒక్కడు లేడు. ఫొటో తీసినోడు నా దగ్గరకొచ్చి ఒక్క మాటంటే పోయేది. నేనేం కొరుకుతానా?"

నేను నిలుచున్నది ఆయనకు రెండడుగుల దూరంలో. మొన్నటిదాకా ఒక్కో మాటా ఏరుకుని రాసుకున్నదాన్ని. ఇప్పుడు చాందినీ జూలులోంచి గడ్డిపరకలు ఏరుతూ నిలబడ్డాను.

నవంబరు 20, గురువారం

సత్యం గారు బస్టాండులో కనిపించారు. "బాగా చదువుకుంటున్నావా తల్లీ," అని పలకరించారు. ఎప్పటిలాగే.

సాయంత్రం మావయ్య వచ్చాడు. ఆ కాగితానికి ఇంగ్లీషులో జవాబు రాయాలట. ఇక ముళ్ళ కళ్ళెం వాడను, మెత్తటి తోలు కళ్ళెం కొన్నాను, అని. "నీకన్నా బాగా ఎవరు రాస్తారు. చివర్లో ఒకటి అడుగు — ఫిర్యాదు చేసినోడి పేరు చెప్పమని. సత్యం ముఖం మీద కొడతా ఆ కాగితం."

సరే మావయ్యా, అన్నాను.

శనివారం పొద్దున వస్తానన్నాడు.

నవంబరు 22, శనివారం

రెండు కాగితాలు రాశాను. ఒకటి మావయ్య చెప్పినట్టే. రెండోదాంట్లో ఆ ఆఖరి వాక్యం లేదు. దాని బదులు — ఫొటో తీసి పంపినది ఈ ఉత్తరం రాసిన అమ్మాయే, సత్యం గారికి దీనితో ఏ సంబంధమూ లేదు. కింద నా పేరు. వాక్యాలు బాగా కుదిరాయి. అవి కుదిరినందుకు లోపల ఎక్కడో సంతోషం వేసింది. ఛీ అనుకున్నాను.

ఏది ఇచ్చినా మావయ్య చదవలేడు. ఇక్కడ, అని వేలు పెట్టి చూపిస్తే అక్కడ సంతకం పెడతాడు. నా ఒప్పుకోలు తన చేత్తోనే సంతకం పెట్టి పోస్టు చేస్తాడు, ఏమీ తెలియకుండా. అంత పిరికితనం ఇంకోటి ఉండదు.

నోటితో చెప్పాలి. తెలుగులో. ఆయన ముఖం చూసి.

మావయ్యా, ఆ ఫొటో — కాదు. మావయ్యా, ఆవేళ అత్తనడిగి తువ్వాలు తెచ్చాను కదా —

గేటు తీశాడు. అమ్మ కుర్చీ జరుపుతోంది.

"ఏదమ్మా మా కోడలు? రాసిందా?"

"రాసింది అన్నయ్యా. పొద్దున్నుంచీ అదే పని. కూర్చో, టీ పెడతా."

వెళ్తున్నాను. కాగితాలు రెండూ ఇక్కడే ఉంచి.