ఉడుము బయటికొస్తేనే విత్తనం

పాల్వంచ హాస్టల్

తాత దేవ్లాకు మనుమరాలు సంగీత దండాలు.

తండాల సిగ్నల్ లేదు గనుక ఈ ఉత్తరం బస్సు కండక్టర్ చేతికిస్తున్న. జర్మనీ నుంచి అమెరికాకు వలసపోయినోళ్ళ గురించి కాలేజీల మాట్లాడాలె. అక్కడి క్రిస్మస్ చెట్టు, చిన్నపిల్లల ఆటల బడి వాళ్ళు తెచ్చినవే. చలికాలంల ఒక బొరియ కాడ కూడా నిలబడుతరట. లోపలి జంతువు బయటికొచ్చి తన నీడ చూసుకుంటే కాలం ఇంకా మారనట్టు. సొంతూర్ల చూసే జంతువును ఇడిచి, కొత్త దేశంల దొరికినదాన్ని పెట్టుకున్నరు. మనోళ్ళు ఇటు వలసొచ్చినప్పుడు ఏం తెచ్చిండ్రు?

నీ సంగీత

మరిచిన: నానమ్మకు పచ్చడి పంపొద్దని చెప్పు. కండక్టర్ చేతికిస్తే సీసా పాల్వంచ చేరేసరికి సగమైతున్నది.

*

బిడ్డ సంగీతకు తాత దీవెన.

మంచి టైంకు రాసినవ్. పోయినేడు తొందరపడి పొడి దుక్కిల పత్తి గింజలు పెడితే మాడిపోయినై. మళ్ళా పోతే అప్పిచ్చేటోడు లేడు. మా తాత ఎడ్ల మంద తోలుకుంట ఇటొచ్చినప్పుడు తెచ్చింది ఒక్కటే, తీతువు పిట్ట గుడ్లు చూసుడు. మిట్ట మీద పెడితే వాన, పల్లంల పెడితే కరువు. నన్ను భుజాన ఎక్కించుకొని చూపెట్టేటోడు. చేన్లకు మందు కొట్టుడు మొదలైనంక ఆ పిట్ట మళ్ళా రాలే. ఇగ చూడనీకి ఏం లేదనుకున్న. జర్మనోళ్ళు దారి చూపిండ్రు. చేను ఎనక పుట్టల ఉడుమున్నది. రేపటి సంది తండ మొగోళ్ళందరం కాపలా. అది తేల్చేదాక విత్తనం బంద్.

దేవ్లా

ఇంకోటి: నీడ కనబడితే వానా, ఎండనా? నువ్వు రాయలే. పెండ్లి సంబంధాలు కుదిర్చే భద్రు వాన అంటున్నడు. వాని మాట మీద పెండ్లి చేసుకున్నోళ్ళను చూసిన, నేను నమ్మ.

*

తాతా, దండాలు తర్వాత.

కొంప ముంచినవ్! అది చలి సంగతి, అదీ అమెరికాల. ఈ ఎండల ఏది బయటికొచ్చినా నీడ పడ్తది. ఉడుము జోలికి పోతే ఫారెస్టోళ్ళు కేసు పెడ్తరు. అందర్నీ ఇండ్లకు పంపు.

సంగీత

ఇది మాత్రం వినుకో: జర్మనోళ్ళు చెప్పిండ్రని ఎవ్వరితోని అనకు.

*

బిడ్డా,

నీ ఉత్తరం కంటే ముందే ఫారెస్టు గార్డు వచ్చిండు. "ఎవడ్రా ఉడుమును పట్టేది?" అని కర్ర ఎత్తిండు. జర్మనోళ్ళు చెప్పిండ్రన్న. ఆయనకూ కౌలు చేనున్నదట. "జర జరుగుండ్రి" అని పక్కన కూసున్నడు.

ఉడుము రాలే. గని గిన్నేండ్లకు ముసలోళ్ళం ఒక్కతాన కూసున్నం. మన తండ బలరాం వాళ్ళ నాయిన, వలసొచ్చినప్పటి మందల ఎడ్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పిండు.

అంతల వాన కొట్టింది. మంచి వాన. ఒక్కడూ గింజ పెట్టలే. ఈ ఏడూ పాయె అనుకుంట ఉరికొస్తే, మీ నానమ్మ హేమ్లి, తండ ఆడోళ్ళంత గట్టు మీద చేతులు కడుక్కుంటున్నరు. వానకు ముందే అన్ని చేన్ల గింజలు పెట్టుడైపోయింది.

"ఏం చూసి పెట్టిండ్రే?" అన్న.

"మీరు పుట్టకాడికి పోయింది చూసి" అన్నది. "అడ్డం చెప్పేటోడు లేకపాయె."

మీ తాత దేవ్లా

నానమ్మ రాయమంటున్నది: అమెరికాల మొగోళ్ళు బొరియ కాడ నిలబడ్డప్పుడు ఆడోళ్ళు ఏం చేసిండ్రో నీ పుస్తకంల ఉన్నదా?