పీచ్ కేకు వాసన

యురేకా, మంగళవారం

ఐడా అక్కకు, ఇక్కడ ఇద్దరం ఉన్నాం, అంతే. క్యాన్సర్ మందులు మొదలయ్యాక మీ మరిది హోమర్ ముద్ద ముట్టడం లేదు. డాక్టరు సరేనంటే నిన్న గంజాయి కొట్టుకు వెళ్ళాను. ఇక్కడ అది చట్టబద్ధమే, మీ ఊళ్ళో నేరమే, పోస్ట్‌మ్యాన్ చదివితే చదవనీ. అక్కడి గంజాయి రకాల్లో ఒకదాని పేరు ‘పీచ్ కేకు’. నోరూరుతుందేమోనని అదే అడిగాను. కొట్టు పిల్ల సీసా మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టింది.

“పేరు చూసి కొనకండి బామ్మగారూ. తీపంతా వాసనలోనే, పొగలో ఉండదు. ఇది రెండు జాతులు కలిపిన హైబ్రిడ్, ఆకలీ వేస్తుంది, నిద్రా వస్తుంది. ఒక్క దమ్ము చాలు. రెండోది లాగారంటే తాతగారు కంచం ముందే గురక పెడతారు” అంది. చిన్న సీసా కొన్నాను.

ఇంటికొచ్చి మూత తీశానో లేదో, మంచం మీంచి హోమర్, “మీ అక్క వచ్చిందా? ఆవిడ చేసే పీచ్ కేకు వాసనొస్తోంది” అన్నాడు. ఇన్నాళ్ళకి ఆ నోట తిండి మాట వచ్చింది. కాదనే మనసు రాక అవునన్నాను.

నీ మోకాలు ఎలా ఉంది? బస్సెక్కగలవా? బావగారిని అడిగానని చెప్పు. పీచ్ పండ్లు కొని ఉంచాను. వచ్చి నా అబద్ధాన్ని నిజం చెయ్యి.

నీ చెల్లెలు
ఎట్టా