ఆరో రీలు కత్తిరించకూడదు

డెబ్బై ఒక్క ఏళ్ల సినిమా ఎడిటర్‌నైన నేను, ఊపిరితిత్తులు సగమే పనిచేస్తున్నా బుర్ర పూర్తిగా పనిచేస్తోందని డాక్టరు చేత కాగితం రాయించుకుని, ఎవరి ఒత్తిడీ లేకుండా రాసుకుంటున్న వీలునామా ఇది. నాకు పెళ్లాం పిల్లలు లేరు. చట్టప్రకారం వారసుడు మా అన్నయ్య ఒక్కడే. ఆయనకు ఏదీ చెందకూడదనే ఈ కాగితం.

1. ఎడిటింగ్ బల్ల, అతుకులు వేసే యంత్రం: పదేళ్లు నా దగ్గర పనిచేసి, నా నోటికి జడిసి మానేసిన అసిస్టెంటుకు. అమ్మాయీ, నీ తప్పులకంటే నా తప్పులకే నిన్ను ఎక్కువ తిట్టాను.

2. రేడియో: సూది గుచ్చేముందు ప్రతిసారీ నాకు క్షమాపణ చెప్పే నర్సమ్మకు.

3. మంచం కింద ఎనిమిది రీళ్ల డబ్బాలున్నాయి. అన్నయ్య తీసిన ఆదిమానవుల సినిమా. పరువు పోయిందని మిగతా ప్రింట్లన్నీ ఆయనే తగలబెట్టాడు. ఇక మిగిలింది ఇదొక్కటే. దాని లోపాలు నాకు తెలియనివా! మంచు అంటే సబ్బు నురగ. దుప్పట్లు కుట్టి చేసిన బొచ్చు ఏనుగు నడుస్తుంటే లోపలివాళ్ల మడమలు కనిపిస్తాయి. గుంపు నాయకుడి చేతికి వాచీ పెట్టుకున్న మచ్చ. జనం పగలబడి నవ్వారు, నవ్వరా మరి!

ఆరో రీలులో మాత్రం హాలు సద్దుమణిగింది. నడవలేని ముసలిదాన్ని మంచులో వదిలేసి గుంపు సాగిపోవాలి, అదీ సీను. ఆ వేషానికి ఎవరూ దొరక్క మా అమ్మనే కూర్చోబెట్టాం. తోలు చుట్టుకున్న గుంపంతా సెట్లు కట్టే పనివాళ్లే. నాలుగడుగులు వేశాక వాళ్లలోని వడ్రంగి ఆగిపోయాడు. వెనక్కి వచ్చి అమ్మను వీపున ఎక్కించుకున్నాడు. చూసి అందరూ వచ్చేశారు. అన్నయ్య ఆపమని అరుస్తూనే ఉన్నాడు, కెమెరామన్ ఆపలేదు. ఆ షాట్ తీసేయమన్నాడు. తీసేశానని అబద్ధమాడి ఉంచాను. హాల్లో అన్నయ్య అది చూసిన రోజు నుంచి, ఇరవై తొమ్మిదేళ్లుగా మాకు మాటల్లేవు. గుహల్లో మనుషులు ఎలా బతికారో మన సినిమాకు తెలియదన్నయ్యా, ఎందుకు బతకగలిగారో ఆ పనివాళ్లకు తెలుసు. నేను కోసిన వాటిలో అంత మంచి షాట్ ఇంకొకటి లేదు.

4. ఆ రీళ్లు వడ్రంగికి చెందాలి. సినిమా వచ్చిన మూడేళ్లకు అమ్మ ఆసుపత్రిలో మంచం పట్టి కబురు పెట్టింది. అన్నయ్య ఎదురుపడతాడని నేను వెళ్లలేదు. ఆయన ఉన్నాడు కదా అని సర్దిచెప్పుకున్నాను. వడ్రంగి రోజూ వెళ్లాడట. ఆ షాట్ వేసుకుని వందసార్లు చూశాను. చూసిన ప్రతిసారీ నా మీద నాకే అసహ్యం వేసింది.

5. ఇద్దరు సాక్షులు లేకపోతే ఇది చెల్లదు. ఒకరు కింది వాటా దర్జీ. రెండో సంతకానికి అన్నయ్యకు కబురు పంపాను. వేరెవరూ దొరక్క కాదు అన్నయ్యా, ఆ రీళ్లను నీ చేత్తో నువ్వే వదలాలని నా పంతం. సంతకం చేయకపోతే అవి నీవే, కాల్చుకో, అడ్డం పడడానికి నేనుండను. ముందు ఇదంతా చదువు.

తేదీ: ఏప్రిల్ పదకొండు, ఉదయం.
సంతకం: ఎడిటర్

మొదటి సాక్షి: దర్జీ

రెండవ సాక్షి: అన్నయ్య. చదివాను. నువ్వున్నావనుకుని ఆసుపత్రికి నేనూ వెళ్లలేదురా.