ఖాదర్ మా జట్టుకు వచ్చిన రోజు

కర్నూలు, 10 మే 1922, బుధవారం

అనంతపురం కాలేజీ నుంచి సెలవులకు వచ్చిన ఫుట్‌బాల్ కుర్రాళ్లను ఈ సాయంత్రం పంచుకున్నాం. ఏటా లాగానే వాళ్లను కాసేపు ఆడించి, కోట జట్టూ మా పేట జట్టూ వంతులవారీగా ఒక్కొక్కరిని పిలుచుకోవడం. మొదటి వంతు కోట కెప్టెన్ సుబ్బారెడ్డిది. ఆ కుర్రాళ్లలో నాకు కావలసింది ఖాదర్ ఒక్కడే.

కానీ ఖాదర్ ఇవాళ బంతి వెనక కాళ్లీడ్చుకుంటూ నడిచాడు. సుబ్బారెడ్డి పెదవి విరిచి, "ఈ పిల్లోడు శానా నీరసంగా ఉండాడప్పా" అని వేరేవాణ్ణి పిలిచాడు. రంజాన్ నెల, రోజా ఉన్నవాడు ఈ ఎండల్లో ఇంకెట్లా ఆడతాడు? ఆ మాత్రం తట్టలేదు అతనికి! నేను ఏమీ ఎరగనట్టు మొహం పెట్టి, పేట కెప్టెన్‌గా నా వంతు రాగానే ఖాదర్‌ను పిలిచేశాను.

పొద్దు గుంకాక వాడు ఖర్జూరం నోట్లో వేసుకుంటుంటే, "రోజాతో శానా అలిసిపోయినావు గదప్పా" అన్నాను.

వాడు నవ్వాడు. "రోజా నాకు లెక్క కాదన్నా. కావాలనే అట్లా ఆడినా. కోటోళ్లు బూట్లేసుకోమంటారు. బూట్లేస్తే నాకు కాళ్లే ఆడవు. మీరు ఉత్త కాళ్లతో ఆడతారని మీ జట్టుకే రావాలనుకున్యా."

ఎంచింది నేననుకుంటే, ఎంచుకున్నది వాడన్నమాట! ఇప్పుడు తలుచుకున్నా నవ్వొస్తోంది.

కాకపోతే, ఈ ఏడాదైనా కోటవాళ్లకు దీటుగా ఉందామని మద్రాసు నుంచి తెప్పించిన బూట్ల పెట్టె నా మంచం కిందే ఉంది. ఇంకా విప్పలేదు. పొద్దున్నే ఖాదర్ మా ఇంటికొస్తానన్నాడు...