దానిమ్మ మీది తోకపిగిలి గూడు

దిగువమెట్ట,
9 జూన్ 1935

ప్రియమైన ఓబులయ్యా,

మీ అక్క నిన్న పోయింది. పొద్దున జ్వరం తగ్గి గంజి తాగింది. పెరట్లో దానిమ్మ మీది గూడు కనబడేలా మంచం వసారాలో వేయమంది. తోకపిగిలి పిట్టల గూడు అది. నారతో అల్లి, సాలెపురుగు దారాలతో అతికిన చిన్న గిన్నె. ఆడది ఇటుక రంగు, పొట్టి తోక. మగది పాల తెలుపు. నల్లటి తల, దానికో కుచ్చు, కంటి చుట్టూ నీలం, వెనక రిబ్బన్లలా రెండు పొడుగాటి ఈకలు. అదీ వంతుకు గుడ్ల మీద కూర్చునేది; ఇప్పుడు గూట్లో పిల్లలున్నాయి.

"అంత సోకు తోక పెట్టుకొని గుడ్లు పొదిగినాడు, సూడండి. మీరు పొయ్యికాడ గడియన్నా కూచున్యారా?" అని నవ్వింది.

మధ్యాహ్నం మళ్ళీ చలి పట్టింది. "పిల్లలు ఎగిరేదాంక ఆ కొమ్మ జోలికి ఏదీ రానీయొద్దండి" అంది. తర్వాత మాట్లాడలేదు. గిద్దలూరు డాక్టరు సాయంత్రం బండికి దిగాడు. అప్పటికే అయిపోయింది.

పదో రోజు పిండం ఏటి ఒడ్డున పెడతాను. పెరట్లోకి కాకులు రాకూడదు.

మీ బావ,
చెన్నకేశవులు

గుంతకల్లు,
12 జూన్

ప్రియమైన బావా,

స్టేషన్లో నాకు లీవు ఇయ్యలేదు. అక్క ముఖం చూసుకోలేకపోతిని.

ఏటి ఒడ్డున వద్దు. అక్క తిరిగింది ఆ పెరట్లో. కాకి రూపాన అక్కడికే వస్తాది. పిట్టల కోసం అక్కను ఆకలితో పంపిస్తావా? బి.ఏ. చదివినోనికి పిల్లనిస్తే ఇట్లనే ఉంటాదని నాయన ఊరికే అనలేదు. కాకి ముట్టకపోతే అక్క కోరిక ఏందో గట్టిగ చెప్పి, తీరుస్తానని మాటియ్యి. నా మాట తీసెయ్యొద్దు.

ఏడుస్తా రాస్తన్న
ఓబులయ్య

దిగువమెట్ట,
6 జూలై

ప్రియమైన ఓబులయ్యా,

నీవు చెప్పినట్టే చేశాను. పదో రోజు పెరట్లోనే విస్తరి వేశాము. కాకులు గోడ మీద వాలాయి, దిగలేదు.

"పట్టుచీర మింద ఆశతో పోయింది పిచ్చితల్లి. కొంటానని చెప్పు నాయనా" అంది పక్కింటి సుబ్బులమ్మ. చెప్పాను. దిగలేదు.

"గూడు నేను కాస్తాను, కృష్ణవేణీ" అన్నాను.

వెంటనే ఒకటి దిగి అన్నం ముట్టింది. అందరూ చేతులు జోడించారు. నేనూ జోడించాను. మిగతావీ దిగాయి. మెతుకులు అయిపోయాక దానిమ్మ మీదికి లేచాయి. కర్ర అందుకున్నాను. "పెండ్లాన్ని తరుముతావా?" అని పురోహితుడు నా చేయి పట్టుకున్నాడు. పిల్లలకు అప్పటికే రెక్కలొచ్చాయి. తెల్లది అరుస్తూ కాకుల మీద పడింది. దాని తోక ఈక ఒకటి తెగింది. నా చేయి వదిలేసరికి గూడు ఖాళీ. పిల్లలు ఎగిరాయో, కాకుల నోట పడ్డాయో తెలియలేదు.

వచ్చింది మీ అక్కే అన్నారు. మీ అక్క అయితే ఆ గూటి జోలికి పోదు.

ఆ జంట ఎక్కడికీ పోలేదు. అవతలి కొమ్మకు మళ్ళీ కట్టుకుంది. మగది మిగిలిన ఒంటి ఈకతోనే పొదుగుతోంది.

రేపు మాసికం. పెరట్లోనే పెట్టమని మళ్ళీ రాశావు. పెట్టను. రేపు పొద్దున వడిసెలలో రాయి పెట్టుకుని దానిమ్మ కింద కూర్చుంటాను.

మీ బావ,
చెన్నకేశవులు