పెరటాసి శనివారం పిలుపు

మునెమ్మా,

నా రాత కోడి గీరినట్టుంటుంది, తప్పులు కూడా ఉంటాయి. ఏమీ అనుకోకు.

పెరటాసి నెల వస్తోంది. నువ్వు కన్నుమూశాక ఇదే మొదటిది. ఇంట్లో అందరికీ ప్రయాణాల హడావిడి. బ్రహ్మోత్సవాలకు తిరుపతి పోవాలి, అలిపిరి నుంచి నడిచి కొండెక్కాలి, దసరాకు చిత్తూరులో కూతురింటికి పోవాలి. వాటికి నాకు దిగులు లేదు, అందరి వెనకాల నడుస్తాను. దిగులంతా మొదటి శనివారానికే. ఆ రోజు నామాల చెంబుతో ఇంటింటికీ పోయి అడిగి తెచ్చిన బియ్యం వండే కదా స్వామికి తళిగ వేసి నైవేద్యం పెట్టేది! ఇన్నేళ్లూ గడప గడపకీ "గోవిందా" అని నువ్వే పిలిచేదానివి. నేను వెనకాల సంచి పట్టుకుని నిలబడేవాణ్ణి. నీ గొంతు వినపడగానే వీధి చివరింట్లో కూడా చేట తీసేవాళ్లు.

నిన్న కోడలు చెంబు తోమి నా చేతికిచ్చింది. "మామా, ఈ తూరి నువ్వే పిలవాల. అత్త మాదిరి గట్టిగా పిలువు. నోట్లోనే గొణిగితే బియ్యం కాదు గదా, కుక్క గూడా రాదు" అనింది.

పొద్దున మామిడితోపులో ఎవరూ లేనప్పుడు పిలిచి చూశాను. "గోవి" దగ్గరే ఆపేసి, చెంబు చంకన పెట్టుకుని ఇంటికొచ్చేశాను.

మొదటి గడప ముందు నిలబడి నువ్వు గొంతు ఎట్లా ఎత్తేదానివో చెప్పు. శనివారం లోపలే జవాబు రాయి.