ఎడమ చేతి అభయం

మంగళవారం

మణికట్టు లాగేస్తోంది. పెన్ను కూడా బరువుగా ఉంది. కూచిపూడి టీచరుగారి ఆహ్వానపత్రిక కోసం నాలుగు రోజులు అచ్చుదిమ్మెగా వాడే లినోలియం షీటు మీద నర్తకి బొమ్మ చెక్కాను. సన్నగీతలకి ఏ ఉలి కొనాలా అని అంత ఆలోచించినదాన్ని, అచ్చులో బొమ్మ తిరగబడుతుందన్న సంగతే మరిచిపోయాను. ఇన్నేళ్లుగా చేస్తున్న పని! అభయమిచ్చే కుడిచెయ్యి కాస్తా ఎడమచెయ్యి అయింది.

సాయంత్రం అచ్చు చూపించి, మళ్లీ చెక్కుతానన్నాను. ఆవిడ నవ్వారు.

"వద్దండీ. పిల్లలకి ఎదురుగా నిలబడి నేర్పేటప్పుడు నేనూ ఎడమ చెయ్యే ఎత్తుతాను. అద్దంలో చూసినట్టు వాళ్లు కుడిది ఎత్తుతారు. ఇది వాళ్ల టీచరు బొమ్మే."

ఊరట కలగాలి. కానీ ఆ మాటలంటున్నంతసేపూ ఆవిడ చూపు బొమ్మ మీద లేదు, కట్టు కట్టుకున్న నా మణికట్టు మీద ఉంది.